పటాలం బ్యాండులో సింఫనీ: ఆరుబయట శ్రోతల చరిత్ర

గ్రామఫోను, రేడియో రాకముందు సంగీతం వినడమంటే వాయించేవారి ఎదుట ఉండి వినడమే. పంతొమ్మిదో శతాబ్దపు యూరపులో బీథోవెన్ సింఫనీని గాని, ఒపేరాకు ముందు వాయించే ‘ఓవర్చర్’ అనే ప్రారంభ సంగీతాన్ని గాని పూర్తి ఆర్కెస్ట్రా వాయించగా వినాలంటే పెద్ద నగరంలో నివసించాలి, టికెట్టు కొనే స్తోమతు ఉండాలి, కచేరీ హాలులో కూర్చోవడానికి తగిన దుస్తులూ తీరికా ఉండాలి. ఇవన్నీ సమకూరినవారు జనాభాలో కొద్దిమందే. అయినా ఆ శతాబ్దం ముగిసేసరికి వెబర్, రోస్సినీ, వెర్డీ, వాగ్నర్ల స్వరాలు చిన్న పట్టణాల చిల్లర వర్తకులకూ, ఆదివారం తోటకు షికారు వచ్చిన పనివారికీ, పిల్లలను ఆడించడానికి తీసుకొచ్చిన ఆయాలకూ పరిచితమయ్యాయి. ఆ పరిచయం కలిగించినవారిలో మొదటి స్థానం సైనిక బ్యాండుది. ఈ బ్యాండుల చరిత్రను సాధారణంగా వాద్యాల చరిత్రగానో, రెజిమెంట్ల చరిత్రగానో రాస్తారు. ఎదుట నిలబడి విన్నవారిని లెక్కలోకి తీసుకోకపోతే ఆ చరిత్ర సగమే అవుతుంది. కవాతుకు అడుగు కలపడానికీ, పోరులో సంకేతాలు అందించడానికీ ఏర్పడిన బృందం సింఫనీల దాకా రావడానికి విన్నవారి ఆదరణే ప్రధాన కారణం.

సైనిక బ్యాండు ప్రధానంగా సుషిర వాద్యాల బృందం. ఫ్లూటు, ఓబో, క్లారినెట్, బసూన్ వంటి కర్ర వాద్యాలు ఒక వర్గం. ట్రంపెట్, హార్న్, ట్రాంబోన్ వంటి ఇత్తడి వాద్యాలు ఇంకొక వర్గం. వీటికి డప్పులూ తాళాలూ తోడు. ఆర్కెస్ట్రాకు వెన్నెముక వంటి వాయులీనం, వియోలా, చెల్లో ఇందులో ఉండవు. ఈ లోటుకు కారణం భౌతికమైనది. తంత్రీ వాద్యాల నాదం గోడలకూ కప్పుకూ తగిలి తిరిగివస్తేనే నిండుగా వినిపిస్తుంది. ఆరుబయట అది కొద్ది దూరంలోనే పలచబడిపోతుంది, తేమ తగిలితే తంత్రులు శ్రుతి తప్పుతాయి. ఊపిరితో పలికే వాద్యాలకు ఆ ఇబ్బంది చాలా తక్కువ. 1749లో లండన్‌లో శాంతి ఒప్పందానికి గుర్తుగా బాణసంచా ఉత్సవం జరిపినప్పుడు, అందుకు హాండెల్ కూర్చిన సంగీతంలో వాయులీనాలు వద్దనీ, యుద్ధ వాద్యాలే ఉండాలనీ రెండో జార్జి రాజు పట్టుబట్టాడు. దాని ముందస్తు అభ్యాసాన్ని వినడానికే వేలాది జనం వాక్స్‌హాల్ తోటకు బయలుదేరడంతో లండన్ వంతెన మీద బండ్లు నిలిచిపోయాయి. ఆరుబయట సుషిర వాద్యాలను డబ్బు పెట్టి, శ్రమపడి వినేవారు అప్పటికే ఉన్నారని ఈ సంఘటన తెలుపుతుంది.

వియన్నాలో పద్దెనిమిదో శతాబ్దపు చివరి దశకాలలో ‘హార్మొనీ’ అనే చిన్న సుషిర బృందాలు వాడుకలోకి వచ్చాయి. రెండేసి ఓబోలు, క్లారినెట్లు, హార్న్‌లు, బసూన్లు కలిసి ఎనిమిది మంది వాయించే ఈ బృందాన్ని 1782లో రెండో జోసెఫ్ చక్రవర్తి తన ఆస్థానంలో నెలకొల్పాడు. అప్పటి నుంచి ఏ ఒపేరా పేరుపొందినా, అందులోని పాటలను ఎనిమిది వాద్యాలకు సర్ది, విందులలోనూ తోటలలోనూ వాయించడం పరిపాటి అయింది. మోజార్ట్ ఒపేరా ‘ది అబ్డక్షన్ ఫ్రమ్ ది సెరాలియో’ 1782 జూలై 16న తొలిసారి ప్రదర్శితమైంది. నాలుగు రోజులకే తండ్రికి రాసిన ఉత్తరంలో, దాన్ని సుషిర బృందానికి తానే త్వరగా సర్దాలనీ, ఆలస్యమైతే ఇంకెవరో ముందుగా ఆ పని చేసి లాభం పొందుతారనీ అతను వాపోయాడు. కాపీహక్కు చట్టాలు లేని ఆ రోజుల్లో ఒక కృతికి ఎంత గిరాకీ ఉందో తెలిపే కొలత ఈ సర్దుబాటే. అయిదేళ్ల తరువాత ‘డాన్ జొవాన్ని’లో మోజార్ట్ ఈ అలవాటునే రంగస్థలం మీదికి తెచ్చాడు: కథానాయకుడు భోజనానికి కూర్చుంటే సుషిర బృందం వేరే ఒపేరాల పాటలతోపాటు ‘ఫిగరో’లోని పాటనూ వాయిస్తుంది, సేవకుడు దాన్ని గుర్తుపడతాడు. ప్రేక్షకులు కూడా గుర్తుపడతారన్న ధీమా లేనిదే ఆ ఘట్టం పండదు. బీథోవెన్ ఏడో సింఫనీ 1816లో అచ్చయినప్పుడు, ఆర్కెస్ట్రా ప్రతితోపాటు తొమ్మిది సుషిర వాద్యాల ప్రతి కూడా వెలువడింది.

అయితే ఎనిమిది తొమ్మిది మంది బృందం విందు గదికి సరిపోతుంది గాని, ఊరి నడుమ మైదానానికి చాలదు. ఫ్రెంచి విప్లవం ఈ కొలతను మార్చింది. 1789లో పారిస్ నేషనల్ గార్డు కోసం బెర్నార్ సారెత్ కూడగట్టిన బ్యాండు, విప్లవోత్సవాలలో లక్షలాది ప్రజల ఎదుట వాయించవలసి వచ్చి, క్రమంగా ఒక సంగీత పాఠశాలగా మారి, 1795లో పారిస్ కన్సర్వేటరీ స్థాపనకు పునాది అయింది. నేటికీ ప్రపంచ ప్రసిద్ధమైన ఆ విద్యాలయం ఒక సైనిక బ్యాండు కడుపున పుట్టిందన్న సంగతి సంగీత చరిత్రలలో తగినంతగా ప్రస్తావనకు రాదు.

మనుషుల సంఖ్య పెరిగినంత మాత్రాన సింఫనీ పలకదు. పాత ఇత్తడి వాద్యాలకు ఒక పెద్ద లోపం ఉండేది: మీటలు లేని ట్రంపెట్టు గాని, హార్న్ గాని పెదవుల బిగింపుతో పలికే కొన్ని స్వరాలనే సహజంగా ఇవ్వగలవు, మధ్యలోని స్వరాలు వాటికి అందవు. 1818లో బెర్లిన్‌లో ష్టోల్ట్‌సెల్, బ్లూమెల్ అనే ఇద్దరు హక్కుపత్రం పొందిన వాల్వు, అంటే గొట్టం పొడవును క్షణంలో మార్చే మీట, ఈ చిక్కును విడదీసింది. వాయులీనం పలికే ప్రతి అరస్వరాన్నీ ఇత్తడి వాద్యం కూడా పలకగలిగింది. 1835లో విల్‌హెల్మ్ వీప్రెహ్ట్, వాద్య నిర్మాత మోరిట్స్ కలిసి బాస్ ట్యూబాను రూపొందించడంతో బృందానికి అట్టడుగు స్వరాల ఆధారం దొరికింది.

ఈ వీప్రెహ్ట్ కథ శ్రోతల చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అతను సైనికుడు కాడు. బెర్లిన్ రాజాస్థాన ఆర్కెస్ట్రాలో వాయులీన వాద్యకారుడు. 1824లో ఆ నగరానికి కొత్తగా వచ్చినప్పుడు పదాతి దళపు బ్యాండు ఒకటి మోజార్ట్ ‘ఫిగరో’ ఓవర్చరును వాయిస్తుంటే విని, జీవితాన్ని సైనిక సంగీతానికే అర్పించాలని నిశ్చయించుకున్నాడు. వీధిలో నిలబడి విన్న ఒక్కడి పరవశం ప్రష్యా సైనిక సంగీత వ్యవస్థనంతా మార్చివేసింది: 1838లో అతను రాజరక్షక దళాల సంగీతాధిపతి అయ్యాడు, అదే సంవత్సరం మే 12న రష్యా జార్ నికొలస్ రాక సందర్భంగా వెయ్యి మందికి పైగా సుషిర వాద్యకారులనూ, 200 మంది డప్పు వాద్యకారులనూ ఒక్క బృందంగా నడిపించాడు. ఆ సంఖ్యాబలం కంటే అతని బీథోవెన్ సర్దుబాట్లే విలువైనవి. బెర్లిన్ తోటలలో తక్కువ రుసుముకు జరిగే కచేరీలలో అతను ఆ సింఫనీలను వాయించి, ఆస్థాన ఆర్కెస్ట్రా గడప తొక్కనివారికి వినిపించాడు.

వినేవారికి వినిపించే పరిస్థితి లేకపోతే ఎంతటి సంగీతమైనా ఏమవుతుందో ఎక్తోర్ బెర్లియోజ్ అనుభవం చెబుతుంది. 1830 జూలై విప్లవంలో మరణించినవారి అస్థికలను బాస్తీ స్మారక స్తంభం కిందికి తరలించే ఉత్సవానికి, 1840లో ఫ్రాన్సు ప్రభుత్వం అతనిచేత సైనిక బ్యాండు కోసం ఒక సింఫనీ రాయించింది. జూలై 28న 200 మంది వాద్యకారులు నడుస్తూ వాయిస్తుంటే బెర్లియోజ్ కత్తినే కండక్టరు కర్రగా చేసుకుని నడిపించాడు. చివరి భాగం మొదలవుతుండగానే నేషనల్ గార్డు దళాలు డోళ్లు మోగిస్తూ కదిలిపోవడంతో ఒక్క స్వరమైనా జనానికి చేరలేదు. జరగబోయేది అతనికి ముందే తోచింది కాబోలు, రెండు రోజుల ముందు సాల్ వివియెన్ అనే హాలులో జరిగిన చివరి అభ్యాసానికి సంగీత ప్రియులనూ విమర్శకులనూ పిలిచాడు. ఆ కృతికి కీర్తి తెచ్చింది ఆ శ్రోతలే. అప్పట్లో పారిస్‌లో పేదరికంతో కాలం గడుపుతున్న వాగ్నర్ కూడా ఈ సింఫనీని ఎంతో మెచ్చుకున్నాడు. కొన్నేళ్ల తరువాత బెర్లిన్ వెళ్లిన బెర్లియోజ్, వీప్రెహ్ట్ నాయకత్వంలో 320 మంది సైనిక వాద్యకారులు తన ‘ఫ్రాంక్-జ్యూజ్’ ఓవర్చరునే వాయించగా విని నివ్వెరపోయి, ఆ ఖచ్చితత్వాన్నీ ఉద్రేకాన్నీ తన స్మృతులలో కొనియాడాడు. తన ఆర్కెస్ట్రా కృతిని ఇతరులు తంత్రులు లేకుండా మార్చినందుకు అతను నొచ్చుకోలేదు.

ప్రష్యాలో వీప్రెహ్ట్ చేసిన సైనిక బ్యాండు సంస్కరణనే ఫ్రాన్సులో అడోల్ఫ్ సాక్స్ చేశాడు. బెల్జియంలోని దినాన్‌లో పుట్టి 1842లో పారిస్ చేరిన ఈ వాద్య నిర్మాత, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఒకే నాదగుణం గల ‘సాక్స్‌హార్న్’ అనే ఇత్తడి వాద్యాల కుటుంబాన్నీ, ఇత్తడి గొట్టానికి క్లారినెట్టు వంటి రెల్లు పీకను అమర్చిన సాక్సోఫోనునూ తయారుచేశాడు. పాత బ్యాండు మేలా, కొత్తది మేలా అన్న వివాదం సైనిక కార్యాలయంలో తేలలేదు. 1845 ఏప్రిల్ 22న షాం ద మార్స్ మైదానంలో సుమారు 20 వేల మంది ఎదుట, సైనిక సంగీత పాఠశాల అధిపతి కరాఫా పాత పద్ధతి బ్యాండూ, సాక్స్ కొత్త బ్యాండూ పోటీపడ్డాయి. సాక్స్ బృందంలో కొందరు రానేలేదు. అయినా దాని నిండైన నాదానికే జనం జేజేలు పలికారు, ఆ ఏడాదే ప్రభుత్వం అతని వాద్యాలను సైన్యంలో ప్రవేశపెట్టింది. ఒక సైనిక పరికరాన్ని ఎంపిక చేయడంలో సామాన్య శ్రోతల చెవులకు ఇంతటి అధికారం దక్కిన సందర్భాలు చరిత్రలో అరుదు.

ఆర్కెస్ట్రా కృతిని బ్యాండుకు మార్చి రాయడాన్ని ట్రాన్‌స్క్రిప్షన్ అంటారు. ఇందులోని నైపుణ్యం తెలిస్తేనే శ్రోతలు దేన్ని మెచ్చుకున్నారో అర్థమవుతుంది. సాధారణంగా వాయులీనాల భాగం క్లారినెట్లకు వెళుతుంది, అందుకే కచేరీ చేసే బ్యాండులో క్లారినెట్ల సంఖ్య అన్నిటికంటే ఎక్కువ. చెల్లోల పాట యూఫోనియం అనే మెత్తని నాదం గల ఇత్తడి వాద్యానికీ, సాక్సోఫోన్లకూ, బసూన్లకూ చెందుతుంది. డబుల్ బేస్ బాధ్యతను ట్యూబాలు మోస్తాయి. అసలు చిక్కులు ఆ తరువాతే మొదలవుతాయి. కమాను కొనను తంత్రి మీద వేగంగా అటూ ఇటూ ఆడిస్తూ వాయులీనకారులు పుట్టించే కంపనానికి సుషిర వాద్యాలలో సమానమైనది లేదు. సర్దుబాటు చేసేవారు దాని బదులు రెండు స్వరాల మధ్య వేళ్లను వేగంగా ఆడించే పద్ధతిని గాని, చిరు డోలు మోతను గాని వాడవలసి వచ్చేది. కమానుకు అలుపు లేదు, ఊపిరికి ఉంది. కాబట్టి ఒకే పొడవైన స్వరధారను ఇద్దరు ముగ్గురికి పంచి, ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకరు నిలబెట్టేలా రాయాలి. తంత్రీ వాద్యాలకు అనుకూలమైన శ్రుతులు బ్యాండు వాద్యాలకు వేళ్ల కష్టం తెస్తాయి గనుక చాలా కృతులను అరస్వరమో, ఒక స్వరమో జరిపి రాసేవారు.

ఈ లెక్కన కొన్ని కృతులు బ్యాండుకు సహజంగా ఒదుగుతాయి, కొన్ని లొంగవు. రోస్సినీ ‘విలియమ్ టెల్’ ఓవర్చరు అయిదు చెల్లోల ఏకాంత సంభాషణతో మొదలవుతుంది. బ్యాండు వాయించినప్పుడు ఆ తొలి నిమిషాలలో ఎంతో కొంత పోతుందని ఒప్పుకోవాలి, ఆ తరువాత వచ్చే తుపానూ గుర్రపు దౌడూ మాత్రం బ్యాండులోనే ఎక్కువ ఒళ్లు పులకరింపజేస్తాయి. వాగ్నర్ ‘రియెంజి’ ఓవర్చరు ఒంటరి ట్రంపెట్టు పట్టిన సుదీర్ఘ స్వరంతోనూ, ‘టాన్‌హాయిజర్’ ఓవర్చరు క్లారినెట్లు, బసూన్లు, హార్న్‌లు మెల్లగా పలికే యాత్రికుల గీతంతోనూ మొదలవుతాయి. అంటే ఈ రెండింటి ద్వారాలూ మొదటి నుంచీ సుషిర వాద్యాలవే. ట్రాన్‌స్క్రిప్షన్‌ను అసలుకు నకలుగా మాత్రమే చూసే విమర్శ నేటికీ ఉంది. అది అన్యాయమైన అంచనా. తంత్రుల మెరుగు కింద కలిసిపోయే లోపలి స్వరాలు బ్యాండు వాయించినప్పుడు విడివిడిగా, స్పష్టంగా వినిపిస్తాయి. ఒకే కృతిని రెండు విధాలా విన్నవారికి దాని కట్టడం మరింత బాగా తెలుస్తుంది.

శ్రోతల మెప్పు ఎంత సంక్లిష్టమైనదో చూపడానికి వెనిస్‌ను మించిన ఉదాహరణ లేదు. 1814 నుంచి 1866 దాకా ఆ నగరం ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది. 1848లో తిరుగుబాటు చేసి, 1849 ఆగస్టులో లొంగిపోయి, ఆ ఓటమిని మరవలేక బతికింది. సాన్ మార్కో చర్చి ఎదుట మూడు వైపులా వరండాలతో పొడవైన భవనాలు మూసిన రాతి ప్రాంగణంలో ఆస్ట్రియా రెజిమెంటు బ్యాండులు సాయంకాలాలు వాయించేవి. ఆనాటి యూరపులో ఆస్ట్రియా బ్యాండుల స్థాయి చాలా ఎత్తయినది, ఆ ప్రాంగణపు రాతిగోడలు నాదాన్ని కచేరీ హాలులాగే నిలబెట్టేవి. 1858 ఆగస్టు చివర వెనిస్ చేరి, జుస్తినియాని భవనంలో ‘ట్రిస్టన్’ ఒపేరా రెండో అంకం రాస్తున్న వాగ్నర్ అక్కడ భోజనానికి కూర్చున్నప్పుడు, తన ‘రియెంజి’, ‘టాన్‌హాయిజర్’ ఓవర్చర్లనే ఆ బ్యాండులు వాయించడం విన్నాడు. డ్రెస్డెన్ తిరుగుబాటులో పాల్గొన్నందుకు జర్మన్ రాజ్యాలలో అడుగుపెట్టలేని ప్రవాసికి తన సంగీతం ఆర్కెస్ట్రా మీద వినే అవకాశమే అరుదైన రోజులవి; వాయించిన తీరునూ, ప్రాంగణంలో నాదం పలికిన తీరునూ ఆత్మకథలో మెచ్చుకున్నాడు. వేలాది జనం గుమిగూడి శ్రద్ధగా వినేవారని చెబుతూనే, ముగిశాక ఒక్క జత చేతులైనా చప్పట్లు కొట్టలేదని రాశాడు. ఆస్ట్రియా సైనిక సంగీతానికి ఏ చిన్న మెప్పు చూపినా అది దేశద్రోహంగా లెక్కకు వచ్చేది.

1861 నుంచి నాలుగేళ్లపాటు వెనిస్‌లో అమెరికా కాన్సల్‌గా ఉన్న రచయిత విలియమ్ డీన్ హోవెల్స్ దీని మరో పార్శ్వాన్ని నమోదు చేశాడు: బ్యాండు మొదలవగానే ప్రాంగణంలో తిరుగుతున్న వెనిస్ వాసులు చాలామంది అక్కడి నుంచి తప్పుకునేవారు, అది ముగిశాక తిరిగి వచ్చేవారు. ఆస్ట్రియా అధికారులు కూర్చునే క్వాద్రి కాఫీ హోటలులోకి స్వాభిమానం ఉన్న వెనిస్ పౌరుడెవడూ అడుగుపెట్టేవాడు కాదు. వెళ్లిపోయినవారి నిరసన సులువుగానే అర్థమవుతుంది. నిలబడి చివరి స్వరం దాకా విని, చేతులు కట్టుకుని మౌనంగా ఇంటికి పోయినవారి స్థితి అంతకంటే లోతైనది. సంగీతం తమదని, వాయించినవారు వేసుకున్న దుస్తులు తమవి కావని, ఈ రెండు భావాలనూ ఒకే సాయంత్రం మోసిన శ్రోతలు వాళ్లు. సైనిక బ్యాండుకు లభించిన ఆదరణను కరతాళధ్వనులతో మాత్రమే కొలిచేవారికి ఆ మౌనం కనబడదు. ఆ శతాబ్దంలో సైనిక బ్యాండుకు దక్కిన అత్యంత నిజాయితీ గల రసజ్ఞత బహుశా అదే.

పారిస్‌లో 1867 అంతర్జాతీయ ప్రదర్శన నాటికి బ్యాండుల పోటీ దేశాల పరువుకు సంబంధించినదైంది. జూలై 21న ఇనుమూ గాజూ కలిపి కప్పు వేసిన ‘పాలె ద లాండుస్ట్రీ’ భవనంలో తొమ్మిది దేశాల నుంచి పది సైనిక బ్యాండులు వేలాది ప్రేక్షకుల ముందు వాయించాయి. అందరూ తప్పనిసరిగా వాయించవలసిన కృతి వెబర్ ‘ఓబెరాన్’ ఓవర్చరు. ఆ ఎంపికలోనే పరీక్ష అంతా ఉంది: దూరం నుంచి వినవచ్చినట్టు హార్న్ మెల్లగా పలికే మూడు స్వరాలతో అది మొదలవుతుంది, కొంతసేపటికి వాయులీనాల సుడిగాలి వంటి వేగాన్ని అందుకుంటుంది. ఆ వేగాన్ని క్లారినెట్లు ఎలా తట్టుకుంటాయో, సైనికులు అంత మెల్లగా వాయించగలరో లేదో వినడానికే జనం చెవులు రిక్కించారు. న్యాయనిర్ణేతలలో వియన్నా విమర్శకుడు హాన్స్‌లిక్, కండక్టర్ హాన్స్ ఫన్ బ్యూలో వంటివారు ఉన్నారు. సింఫనీ ప్రపంచపు పెద్దలు పటాలం బ్యాండుకు మార్కులు వేయడానికి కూర్చున్నారంటే దాని హోదా ఎంత పెరిగిందో తెలుస్తుంది. మొదటి బహుమతిని వీప్రెహ్ట్ నడిపిన ప్రష్యా బ్యాండుకూ, ఆస్ట్రియాకూ, ఫ్రాన్సుకు చెందిన గార్డ్ ద పారిస్‌కూ కలిపి ఇచ్చారు. ఏడాది కిందటే ప్రష్యా, ఆస్ట్రియా ఒకదానితో ఒకటి యుద్ధం చేశాయి. మూడేళ్లకు ప్రష్యా, ఫ్రాన్సు చేయబోతున్నాయి. ఆ యుద్ధం కూడా ముగిశాక 1872లో, గార్డ్ రెపుబ్లికెన్ అని పేరు మారిన అదే ఫ్రెంచి బ్యాండూ, బెర్లిన్ నుంచి కైజర్ ఫ్రాన్స్ గ్రెనడియర్ బ్యాండూ, లండన్ నుంచి గ్రెనడియర్ గార్డుల బ్యాండూ బోస్టన్ నగరంలో పాట్రిక్ గిల్మోర్ నిర్వహించిన శాంతి ఉత్సవంలో అమెరికా ప్రేక్షకుల ముందు నిలిచాయి.

బ్రిటన్ ఈ రంగంలో ఆలస్యంగా మేల్కొంది. క్రిమియా యుద్ధ సమయంలో 1854లో టర్కీలోని స్కుతారిలో రాణి పుట్టినరోజు కవాతు జరిగినప్పుడు, బ్రిటిష్ బ్యాండులు జాతీయగీతాన్ని ఒక్కొక్కటి ఒక్కో శ్రుతిలో, ఒక్కో సర్దుబాటులో వాయించి మిత్రదేశాల ఎదుట నగుబాటు తెచ్చాయి. 1857లో నెలర్ హాల్‌లో సైనిక సంగీత పాఠశాల ఏర్పడడానికి దారితీసిన కారణాలలో అదొకటి. లండన్ సామాన్యులకు మాత్రం ఆ లోపాలేవీ అడ్డు కాలేదు. 1855లో ప్రభుత్వ కట్టడాల శాఖాధిపతి బెంజమిన్ హాల్ కెన్సింగ్టన్ తోటలో ఆదివారం సైనిక బ్యాండు వాయించేలా ఏర్పాటు చేయగానే జనం వెల్లువెత్తారు. మరుసటి ఏడాది మరికొన్ని పార్కులకు దాన్ని విస్తరించేసరికి, విశ్రాంతి దినాన వినోదం పాపమని మతపెద్దలు ఆందోళన చేశారు, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఒత్తిడితో ప్రధాని పామర్‌స్టన్ ఆ కచేరీలను ఆపించాడు. వారానికి ఆరు రోజులు పనిచేసే వారికి ఆదివారం తప్ప సంగీతం వినే తీరిక లేదు. సైనికులను వెనక్కి పిలిచినా, ప్రజాసంఘాలు చందాలు వేసుకుని పౌర బ్యాండులను పెట్టుకున్నాయి. తరువాతి దశకాలలో బ్రిటన్ పార్కులలో వెలసిన ఎనిమిది పలకల బ్యాండు మండపాలకు ఈ పట్టుదలే పునాది.

సామ్రాజ్యంతోపాటు ఈ బ్యాండులు దక్షిణ భారతానికీ వచ్చాయి. చెన్నపట్నం సెయింట్ జార్జి కోటలోని ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించినవి ఎక్కువగా కవాతు పాటలూ, నృత్యాల వరసలే గాని సింఫనీలు కావు. అయినా వాటిని విన్నవారిలో ఒకరి పేరు చెప్పుకోక తప్పదు. మణలిలో తండ్రి వద్ద పెరుగుతున్న ముత్తుస్వామి దీక్షితులు కోటలో ఆ వరసలను విని, వాటికి దేవతాస్తుతిగా సంస్కృత సాహిత్యం కూర్చారు. ‘నొట్టుస్వరాలు’ అనే ఈ చిన్న కృతులు సుమారు నలభై. అన్నీ పాశ్చాత్యుల మేజర్ స్వరక్రమానికి సరిపోయే శంకరాభరణంలోనే ఉన్నాయి, గమకాలు లేకుండా సూటి స్వరాలతో నడుస్తాయి. బ్రిటిష్ జాతీయగీతపు వరస కూడా ‘సంతతం పాహిమాం’గా వీటిలో చేరింది. 1905లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో ప్రచురించిన ‘ప్రథమాభ్యాస పుస్తకము’ వీటిని తెలుగు విద్యార్థులకు అందించింది. పరాయి పటాలపు బాజాను విని, మెచ్చి, తన సంప్రదాయపు నియమాలు చెడకుండా దాన్ని ఇముడ్చుకున్న ఈ శ్రోత, వెనిస్ శ్రోతలు ఎన్నుకున్న దారికి పూర్తిగా భిన్నమైన దారి చూపారు. తెలుగు ఊళ్ల పెళ్లి ఊరేగింపులలో భుజాల మీద జరీ కుచ్చులతో కనిపించే బ్యాండు మేళం దుస్తులలోనూ ఆ పటాలపు ఛాయ నేటికీ ఉంది.

అమెరికాలో పరిస్థితి బ్యాండుకు మరింత అనుకూలించింది. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ 1842లోనూ, బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా 1881లోనూ, షికాగోది 1891లోనూ ఏర్పడ్డాయి. మిగతా విశాల దేశంలో చాలా భాగానికి స్థిరమైన ఆర్కెస్ట్రా లేదు. 1880 నుంచి 1892 దాకా వాషింగ్టన్‌లోని మెరైన్ బ్యాండును నడిపిన జాన్ ఫిలిప్ సూసా, దాని కార్యక్రమాలలో ఆర్కెస్ట్రా కృతులకు పెద్ద పీట వేశాడు, ఆ తరువాత సొంత బ్యాండుతో రైళ్లలో దేశమంతా తిరిగి అదే పద్ధతి కొనసాగించాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా 1903లో ‘పార్సిఫాల్’ను ప్రదర్శించడానికి చాలా ఏళ్ల ముందే అందులోని భాగాలను చిన్న పట్టణాలకు వినిపించాడు. బరువైన కృతి ముగిసిన వెంటనే, శ్రోతలు కోరకముందే ఒక కవాతు పాట అందుకునే అతని అలవాటును కొందరు చిన్నచూపు చూశారు గాని, వాగ్నర్ ముగిశాక జనం లేచిపోకుండా తరువాతి వాగ్నర్ దాకా కూర్చోబెట్టిన ఉపాయం అదే.

ఆరుబయట విన్న పిల్లలలో కొందరు పెద్దయ్యాక ఆ రుణం తీర్చుకున్నారు. గుస్తావ్ మాలర్ బాల్యమంతా ఇప్పుడు చెక్ దేశంలో ఉన్న యిహ్లవా అనే సైనిక పట్టణంలో, బ్యారక్కులకు దగ్గరలో, ఊరి నడుమ వాయించే బ్యాండును వింటూ గడిచింది. అతని సింఫనీలలో పదే పదే వచ్చే కవాతులకూ, 1908లో ప్రాగ్‌లో తొలిసారి వినిపించిన ఏడో సింఫనీ ఆరంభంలో పలికే టెనర్ హార్న్ అనే సైనిక బ్యాండు వాద్యానికీ మూలం అక్కడే. అమెరికా అంతర్యుద్ధంలో బ్యాండుమాస్టరుగా పనిచేసిన తండ్రి పెంపకంలో, రెండు బ్యాండులు ఎదురెదురుగా వస్తూ వేర్వేరు పాటలు వాయిస్తే కలిగే గందరగోళంలోనూ అందాన్ని చూసిన చార్లెస్ ఐవ్స్ దాన్ని అలాగే ఆర్కెస్ట్రాకు రాశాడు.

తొలి గ్రామఫోను కొమ్ములు తంత్రీ వాద్యాల సన్నని నాదాన్ని సరిగా పట్టుకోలేకపోవడంతో, 1925లో విద్యుత్ ముద్రణ వచ్చేదాకా బ్యాండులకే రికార్డులలో పై చేయి దక్కింది. మెరైన్ బ్యాండు 1890 నుంచే సిలిండర్ల మీద వినిపించింది. విద్యుత్ మైక్రోఫోను, రేడియో వచ్చాక ఆర్కెస్ట్రానే నేరుగా ఇంటికి చేరింది, సింఫనీ వినడానికి పార్కుకు పోవలసిన అవసరం తీరిపోయింది. అయినా ట్రాన్‌స్క్రిప్షన్ కళ అంతరించలేదు. 1869లో యోకొహామాలో ఫెంటన్ అనే బ్రిటిష్ బ్యాండుమాస్టరు వద్ద సత్సుమా యువకులు నేర్చుకోవడంతో మొదలైన జపాన్ బ్యాండు సంప్రదాయం పాఠశాలల్లోకి లోతుగా వ్యాపించింది. 1961లో ఫ్రాంస్వా-జూలియన్ బ్రన్ నాయకత్వంలో గార్డ్ రెపుబ్లికెన్ అక్కడ పర్యటించినప్పుడు, క్లారినెట్ల వరస వాయులీనాల వలె మెత్తగా సాగడం విన్న శ్రోతలు ఆ రికార్డులను దశకాలపాటు పాఠ్యగ్రంథాలలా దాచుకున్నారు. జపాన్ పాఠశాల బ్యాండుల జాతీయ పోటీలలో ఆర్కెస్ట్రా కృతుల సర్దుబాట్లు నేటికీ విరివిగా వినిపిస్తాయి.

ఆర్కెస్ట్రాకూ బ్యాండుకూ మధ్య ఈ రాకపోకలు ఒక దిక్కుకే సాగలేదనడానికి లెయోష్ యానాచెక్ ‘సింఫొనియెట్టా’ బలమైన సాక్ష్యం. చెక్ దేశంలోని పీసెక్ పట్టణపు పార్కులో సైనిక బ్యాండును వింటున్న ఆ వృద్ధ స్వరకర్తను, ఏకాంత భాగం వచ్చినప్పుడు వాద్యకారులు లేచి నిలబడి వాయించి కూర్చోవడం ముగ్ధుణ్ని చేసింది. సోకోల్ వ్యాయామోత్సవానికి అతను రాసిన ఇత్తడి వాద్య గీతాలు పెరిగి అయిదు భాగాల కృతి అయ్యాయి. దాన్ని తన దేశపు సాయుధ దళాలకు అంకితం చేశాడు. 1926 జూన్ 26న ప్రాగ్‌లో వాత్స్లావ్ తాలిహ్ నాయకత్వంలో చెక్ ఫిల్‌హార్మోనిక్ దాన్ని తొలిసారి వాయించినప్పుడు, మామూలు ఆర్కెస్ట్రా వెనుక తొమ్మిది ట్రంపెట్లు, రెండు బాస్ ట్రంపెట్లు, రెండు టెనర్ ట్యూబాలు అదనంగా చేరాయి. మొదటి భాగమంతా వాటిదీ టింపానీ డోళ్లదీ, తంత్రీ వాద్యకారులు ఆ భాగం ముగిసేదాకా కమానులు దించుకుని వింటూ కూర్చోవాలి.